అలెక్స్ హార్వీ బృందం ‘నెక్స్ట్’ (1973): చెవితో చూడవలసిన నాటకం

తంత్రీనాదం:

మిత్రులకు నమస్కారం. డెబ్బయ్యవ దశకంలో రాక్ సంగీతాన్ని రంగస్థలం మీదికి ఎక్కించిన వారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా డేవిడ్ బోయీ, ఆలిస్ కూపర్, పీటర్ గేబ్రియల్ ఉన్ననాటి జెనిసిస్ అన్న మూడు పేర్లతోనే మాట ముగిసిపోతోంది. గ్లాస్గో నగరం నుండి వచ్చిన ‘ద సెన్సేషనల్ అలెక్స్ హార్వీ బ్యాండ్’ పేరును ఎవరైనా తలచుకున్నా, వాళ్ళను వేదిక మీద చూడవలసిందే తప్ప రికార్డుల్లో అంత సరుకు లేదని చెప్పి పక్కన పెట్టేయడం ఒక అలవాటుగా మారింది. ఆ తీర్పు అన్యాయమైనదని నా నమ్మకం. 1973లో వర్టిగో సంస్థ విడుదల చేసిన వారి రెండవ ఆల్బమ్ ‘నెక్స్ట్’ను అందరం మరొకసారి శ్రద్ధగా వినాలని కోరుతూ ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

ఇందులో ఉన్నవి ఏడే పాటలు. ‘స్వాంప్‌స్నేక్’, ‘గ్యాంగ్ బ్యాంగ్’, ‘ద ఫెయిత్ హీలర్’, ‘గిడ్డీ అప్ ఎ డింగ్ డాంగ్’, ‘నెక్స్ట్’, ‘వాంబో మార్బుల్ ఐ’, ‘ద లాస్ట్ ఆఫ్ ద టీనేజ్ ఐడల్స్’. ఏడింటిలోనూ పాడుతున్న గొంతు ఒకటే అయినా, మాట్లాడుతున్న మనిషి ప్రతి పాటలోనూ మారిపోతాడు. ఒకచోట మహిమలు చూపే స్వస్థతా బోధకుడు, ఒకచోట అవమానపు జ్ఞాపకాన్ని జీవితమంతా మోసే మాజీ సైనికుడు, మరొకచోట వీధిపిల్లలకు కాపలా కాసే కల్పిత వీరుడు. ఆ పాత్రలు కంటి ముందుకు రావడానికి వేషం గాని, వెలుగుల అమరిక గాని అవసరం కాలేదు. ఉచ్చారణ, ఊపిరి, పదానికీ పదానికీ మధ్య ఉంచిన ఖాళీ, వాటి వెనుక వాద్యాలు ఎప్పుడు లేచి ఎప్పుడు తగ్గాలన్న లెక్క, వీటితోనే నాటకమంతా నడిచింది. వేదిక మీది హంగులు ఆ తరువాత చేరిన అలంకారాలేనన్నది నా వాదన.

పాతరికార్డు:

తంత్రీనాదం గారు మంచి పని చేశారు. కొత్తగా వినేవారి కోసం పూర్వకథను కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ మనిషి ఎక్కడినుండి వచ్చాడో తెలియకపోతే ఆ గొంతులోని వయసు అర్థం కాదు.

అలెక్స్ హార్వీ 1935 ఫిబ్రవరి 5న గ్లాస్గోలో పుట్టాడు. టామీ స్టీల్ అప్పట్లో కుర్రకారును ఊపేస్తున్న ఇంగ్లీషు రాక్ గాయకుడు; 1957లో స్కాట్లండ్‌కు అటువంటి టామీ స్టీల్ ఎవరో తేల్చేందుకు ఒక పత్రిక పోటీ పెట్టగా అందులో అలెక్స్ గెలిచాడు. అరవైల తొలినాళ్ళలో సోల్ సంగీత బృందాన్ని నడుపుతూ హాంబర్గ్ క్లబ్బుల్లో పాడాడు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు లండన్‌లోని షాఫ్ట్స్‌బరీ థియేటర్‌లో ‘హెయిర్’ అనే సంగీత నాటకానికి వాద్యబృందంలో గిటార్ వాయించాడు. ఆ నాటకం అక్కడ 1968 సెప్టెంబరు 27న మొదలైంది. దానికి ముందురోజే బ్రిటన్‌లో నాటకాలపై ప్రభుత్వ పూర్వపరిశీలన అధికారికంగా రద్దయింది. అంటే రంగస్థలం మీద ఏదైనా మాట్లాడవచ్చునన్న స్వేచ్ఛ వచ్చిన ఘడియలోనే, ఆ స్వేచ్ఛను రాత్రి తరువాత రాత్రి దగ్గరగా చూస్తూ జీతానికి వాయించిన సంగీతకారుడు ఇతడు.

1972 మే నెలలో అతని తమ్ముడు లెస్లీ హార్వీ, ‘స్టోన్ ద క్రోస్’ బృందపు గిటారిస్టు, స్వాన్సీ పట్టణంలో వేదిక మీదనే మైక్రోఫోన్ ద్వారా విద్యుదాఘాతం తగిలి మరణించాడు. ఆ ఏడాదే అలెక్స్, ‘టియర్ గ్యాస్’ అనే గ్లాస్గో బృందంతో చేతులు కలిపాడు. గిటార్ జాల్ క్లెమిన్సన్, బేస్ క్రిస్ గ్లెన్, డ్రమ్స్ టెడ్ మెకెన్నా, కీబోర్డులు అతని దగ్గరి బంధువు హ్యూ మెకెన్నా. అప్పటికే రెండు ఆల్బమ్‌లు చేసి కూడా గుర్తింపు దొరకని ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళు వాళ్ళు. అలెక్స్ వాళ్ళకంటే పద్నాలుగు, పదిహేనేళ్ళు పెద్దవాడు. ఈ వయోభేదమే ఆ బృందానికి అసలైన బలమని నా అభిప్రాయం. కుర్రవాళ్ళ దగ్గర పదునైన వాద్యనైపుణ్యం ఉంది, పెద్దవాని దగ్గర చెప్పవలసిన కథలు ఉన్నాయి.

మంద్రస్థాయి:

పూర్వకథ బాగుంది గాని, మూలవాదనతో నాకు కొంత పేచీ ఉంది. నేను 1975లో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో రికార్డు చేసిన ప్రత్యక్ష ప్రదర్శన ఆల్బమ్‌ను ముందు విని, తరువాత ‘నెక్స్ట్’ దగ్గరికి వెళ్ళాను. ప్రత్యక్ష ప్రదర్శనలోని ‘ద ఫెయిత్ హీలర్’లో గిటార్ బరువుగా ఉంది, డ్రమ్స్ ఛాతీకి తగులుతాయి, ప్రేక్షకుల ఉద్వేగం తోడై పాట ఒక పూనకంలా సాగుతుంది. దాని పక్కన పెడితే స్టూడియో రూపం పలుచగా వినిపించింది. నిర్మాత ఫిల్ వైన్‌మన్ అప్పటికి ‘ద స్వీట్’ బృందానికి వరుస విజయాలు ఇచ్చినవాడు. మూడు నిమిషాల రేడియో పాటకు తగిన ధ్వనిని, తళుకును ఇవ్వడం ఆయన విద్య. హార్వీ వంటి గరుకు మనిషికి ఆ మెరుగు సరిపోయిందా అన్నది నా సందేహం. ‘రికార్డులో ఏముంది’ అన్న మాట పూర్తిగా నిరాధారమైనది కాదు.

తంత్రీనాదం:

మంద్రస్థాయి గారి అభ్యంతరం బరువైనదే, అందుచేత ఆ పాట దగ్గరే కాసేపు ఆగుదాం.

‘ద ఫెయిత్ హీలర్’ స్టూడియో రూపం మొదట్లో గొంతు లేదు, రాగం లేదు. ఒకే స్వరస్థానం మీద, యంత్రం తిరుగుతున్నట్టు కొట్టుకునే నాదం ఒకటి దూరం నుండి మొదలై, విసుగు పుట్టే అంచుదాకా సాగుతుంది. ఆ తరువాత ఒక్కొక్క వాద్యం వచ్చి చేరుతుంది. చివరికి గిటార్ తన గరుకైన పల్లవితో ప్రవేశించేసరికి, ఏ స్వస్థతా సభలోనైనా బోధకుడు వేదికెక్కే ముందు జనాన్ని ఎట్లా ఎదురుచూపులో ఉడికిస్తారో అదే పని ఈ నాదం మన మీద చేసిందని తెలుస్తుంది. గొంతు వచ్చాక కూడా అరుపు లేదు. మీ మీద చేతులు ఉంచవచ్చునా అని మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదలోనే భయం ఉంది. ప్రత్యక్ష ప్రదర్శనలో ఈ పాట జనాన్ని ఊపేస్తుంది, నిజమే. అక్కడ మనం సభలో ఒకరమై ఊగుతాం. స్టూడియో రూపంలో ఒంటరిగా కూర్చున్న శ్రోత చెవిలోకి ఆ బోధకుడు నేరుగా వస్తాడు, తప్పించుకోవడానికి పక్కన జనం ఉండరు. మీరు పలుచదనం అన్నది నాకు దగ్గరితనంగా వినిపిస్తోంది. వైన్‌మన్ స్వయంగా డ్రమ్మర్ కావడం వల్ల కాబోలు, లయను శుభ్రంగా, విడివిడిగా నిలబెట్టాడు. ఆ శుభ్రత లేకపోతే ఈ నెమ్మదైన నిర్మాణం మొత్తం బురదలో కలిసిపోయేది.

తెరచాటు:

నాటకరంగంతో కొంత పరిచయం ఉన్నదానిగా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. పద్యనాటకాలు ఊరూరా ఆడుతున్న రోజుల్లో, ఆ నటులను ఎన్నడూ చూడనివారు కూడా గ్రామఫోను రికార్డుల మీద వారి పద్యాలను విని, రాయబారంలోని కృష్ణుణ్ణి కళ్ళ ముందు నిలబెట్టుకున్నారు. గొంతులో అభినయం ఉన్నప్పుడు రికార్డు దానికి అడ్డం రాదు. తంత్రీనాదం గారు చెబుతున్నది అదేనని గ్రహించాను.

అయితే ఈ ఆల్బమ్‌లో అందుకు అసలైన సాక్ష్యం ‘ద ఫెయిత్ హీలర్’ కంటే ‘నెక్స్ట్’ అనే పాట. బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ రాసి పాడిన ‘ఓ సుయివాన్’ దీనికి మూలం. దానిని ఎరిక్ బ్లౌ, మార్ట్ షూమన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒక యువకుడు సైన్యంలో చేరిన కొత్తలో, సంచార సైనిక వేశ్యాగృహం ముందు నడుముకు తువ్వాలు కట్టుకుని వరసలో నిలబడతాడు. తరువాతివాడు రావాలని అధికారి కేకవేస్తుంటాడు. వయసు వచ్చి ఎన్నేళ్ళు గడిచినా ప్రతి స్త్రీ పక్కనా అతనికి ఆ కేకే వినిపిస్తుంది. అంత లోతైన గాయాన్ని బ్రెల్ టాంగో నాట్యపు లయలో పెట్టాడు. వరసలో అడుగు ముందుకు వేసే యువకుల నడకకూ ఆ నాట్యపు అడుగుకూ ఒకే తూకం ఉండటం ఆ పాటలోని క్రూరత్వం.

ఇదే పాటను స్కాట్ వాకర్ 1968లో ‘స్కాట్ 2’ ఆల్బమ్‌లో పాడాడు. అతని గొంతు గంభీరమైనది, అందమైనది. ఆ అందం వల్ల కథ చెబుతున్నవాడు గాయపడ్డవాడిలా గాక, గాయం గురించి చక్కగా వివరించే విద్యావంతుడిలా వినిపిస్తాడు. హార్వీ తన గ్లాస్గో యాసను దాచుకోకుండా పాడాడు. మొదటి చరణాల్లో ఏదో వినోదం చెబుతున్నట్టు, పళ్ళు కనబడేటట్టు నవ్వుతున్నాడని అనిపిస్తుంది. తంత్రీవాద్యాలు అతన్ని వెనకనుండి నెడుతున్న కొద్దీ ఆ నవ్వు బిగుసుకుంటుంది. ఆ వరసలోంచి బయటపడటానికి తన దేహాన్ని తానే ఏమైనా చేసుకుంటానని చెప్పే చివరి చరణానికి వచ్చేసరికి గొంతు కీచుమంటుంది, రాగం చెదిరిపోతుంది, అయినా టాంగో మాత్రం ఆగదు. ఈ ఒక్క పాటను సాధనగా తీసుకుంటే పాత్రధారణ అంటే ఏమిటో ఏ నటుడైనా నేర్చుకోవచ్చు.

పాతరికార్డు:

తెరచాటు గారి మాటకు ఒక చిన్న చేర్పు. ఫ్రెంచి మూలంలో కథకుడు తనకు అప్పుడు సరిగ్గా 20 ఏళ్ళనీ, వరసలో 120 మంది ఉన్నారనీ అంకెలతో చెబుతాడు. ఇంగ్లీషులో ఆ అంకెలు పోయి, తనలాంటి వంద మంది పిల్లలు అన్న మాట మిగిలింది. లెక్క పోయినా, ఎవరి వెనుకో నడుస్తూ, వెనుక మరొకడు నడుస్తున్న ఆ ఊపిరాడని స్థితి చెక్కుచెదరలేదు.

ఈ పాటను బీబీసీలో ‘ద ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్’ కార్యక్రమంలో బృందం ప్రదర్శించిన దృశ్యం దొరుకుతుంది. ముసుగులు ధరించిన తంత్రీవాద్యకారుల మధ్య అలెక్స్ నిలబడి పాడతాడు. దానిని ఎవరికైనా చూపించే ముందు రికార్డును వినిపించమని నా సలహా.

క్లైడ్‌తీరం:

ఉద్యోగరీత్యా నేను గ్లాస్గోలో నివసిస్తున్నాను. ఇక్కడ యాభై దాటినవారితో సంగీతం గురించి మాట్లాడితే ఈ బృందం పేరు తప్పక వస్తుంది, అది కూడా ఇంటిమనిషి పేరు తలచుకున్నట్టు వస్తుంది. 1975 క్రిస్మస్ రోజుల్లో అపోలో థియేటర్‌లో వారు ఇచ్చిన ప్రదర్శనలు నగరపు జ్ఞాపకంలో భాగమైపోయాయి. ఆ థియేటర్ 1985లో మూతపడి, తరువాత కూల్చివేయబడింది.

‘వాంబో మార్బుల్ ఐ’ గురించి ఎవరూ ఇంకా ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. వాంబో అనే వీరుడు చిత్రకథల పుస్తకాల నుండి దిగివచ్చినట్టు ఉంటాడు గాని, అతని రాజ్యం ఆకాశంలోనో ఇతర గ్రహాల మీదో లేదు. పారిశ్రామిక నగరపు ఇరుకు వీధుల్లో, పెద్దల పట్టింపు లేకుండా పెరిగే పిల్లల మధ్య ఉంటుంది. అదే ఏడాది బోయీ తన ముఖం మీద మెరుపుగీత గీయించుకున్నాడు, ఆలిస్ కూపర్ వేదిక మీద గిలటిన్ పెట్టించాడు. వాటి గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. హార్వీ వేదిక మీద నిలబెట్టినది మాత్రం ఒక గోడ. ఆ గోడ మీద వాంబో పేరును రంగుతో రాసి, దానిని బద్దలుకొట్టుకుని బయటికి వచ్చేవాడు. అక్షరాలు తప్పుల తడకగా రాసిన ఆ గోడరాత గ్లాస్గోలో ముఠాల పేర్లు నిండిన గోడలను చూసి పెరిగిన ప్రతి పిల్లవాడికీ అర్థమయ్యేది. ప్రదర్శనల మధ్యలో ఆయన పిల్లలతో తూటాలు తయారు చేయవద్దని, తాగే నీటిని పాడుచేయవద్దని చెబుతుండేవాడు. మొరటు మాటల్లో చెప్పేవాడు, మనస్ఫూర్తిగా చెప్పేవాడు. వాంబో పాత్ర ఆయనకు వేషం మాత్రమే కాదని అందుచేతనే అనుకుంటాను.

మంద్రస్థాయి:

తంత్రీనాదం గారు ‘ద ఫెయిత్ హీలర్’ గురించి రాసినది చదివి చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని మళ్ళీ విన్నాను. ఒంటరి శ్రోత అన్న మాట నాకు ఇప్పుడు బోధపడింది. అయినా ప్రత్యక్ష రూపమే నాకు ఎక్కువ ఇష్టం. ఆ ప్రేమను వదులుకోను.

ఇంకొక చిక్కును ఎవరూ ముట్టుకోలేదు. రెండవ పాట ‘గ్యాంగ్ బ్యాంగ్’ సంగతి ఏమిటి? విషయంలోనూ, చెప్పే తీరులోనూ అది నాకు రోతగా ఉంది. పాత్రధారణ పేరుతో దానిని కూడా సమర్థిస్తారా?

తెరచాటు:

నేను సమర్థించను. పాత్ర నోట చెప్పించడం అనే పద్ధతికి ఒక నియమం ఉంది. వినేవారికి ఆ పాత్రను కొంచెం దూరం నుండి చూసే చోటు రచయిత ఇవ్వాలి. ‘నెక్స్ట్’ పాటలో ఆ చోటు ఉంది, ‘ద ఫెయిత్ హీలర్’లోనూ ఉంది. ‘గ్యాంగ్ బ్యాంగ్’లో లేదు. కథలోని స్త్రీ ఎవరో, ఏమనుకుంటుందో పాటకు పట్టలేదు, ఆ కుర్రకారు గోల మాత్రమే మిగిలింది. ఆ కాలపు రాక్ సంగీతంలో ఇటువంటివి కొల్లలుగా ఉన్నాయన్నది వివరణ అవుతుందే గాని సమాధానం కాదు. ఒకే ఆల్బమ్‌లో శరీరాలను వరసలో నిలబెట్టిన వ్యవస్థ మీద అంత పదునైన పాట, దానికి ముందే ఇటువంటి పాట ఉండటం నన్ను బాధిస్తుంది. ఆల్బమ్ గొప్పదని చెప్పడానికి ఈ మచ్చను దాచవలసిన అవసరం లేదు.

పాతరికార్డు:

ఏకీభవిస్తున్నాను. ‘స్వాంప్‌స్నేక్’ మంచి ప్రారంభం. ‘గిడ్డీ అప్ ఎ డింగ్ డాంగ్’ యాభైల నాటి ఫ్రెడ్డీ బెల్ బృందపు పాటకు హుషారైన పునఃసృష్టి, అంతకు మించి చెప్పవలసినది లేదు. చివరిదైన ‘ద లాస్ట్ ఆఫ్ ద టీనేజ్ ఐడల్స్’ మాత్రం ఆగి వినవలసినది. మూడు భాగాలుగా సాగే ఈ పాటలో అలెక్స్ 1957 నాటి తన పోటీ విజయాన్నే కథావస్తువుగా తీసుకున్నాడు. కుర్రకారు ఆరాధ్యుడు కావలసిన వయసులో కాలేకపోయి, 38 ఏళ్ళ వయసులో మెరుపుదుస్తుల కుర్రగాయకుల కాలంలో నిలబడి, ఆ బిరుదును తనకు తానే ఇచ్చుకుంటున్నాడు. బరువైన రాక్‌తో మొదలై, యాభైల నాటి గాయకబృందాల కోరస్ శైలిలోకి దిగినప్పుడు, ఆ పాత శైలి మీద అతనికున్న ప్రేమ స్వచ్ఛంగా వినిపిస్తుంది. అందులో వెక్కిరింత లేశమైనా లేదు. అతడు గడిపిన పదహారేళ్ళు ఆ ఒక్క పాటలో ఉన్నాయి.

లయవిన్యాసం:

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయడం లేదు, ఈ చర్చ చూసి ఉండబట్టలేకపోయాను. అందరూ అలెక్స్ గొంతు గురించే మాట్లాడుతున్నారు, నలుగురు కుర్రవాళ్ళకు దక్కవలసినది దక్కలేదు.

టెడ్ మెకెన్నా డ్రమ్స్ మీద ఎంత తక్కువ వాయించాడో గమనించండి. ‘ద ఫెయిత్ హీలర్’లో బలప్రదర్శనకు ఎన్నో అవకాశాలు ఉన్నాయి, ఒక్కటీ వాడుకోలేదు. క్రిస్ గ్లెన్ వాయించిన బేస్, జాల్ గిటార్‌కు అడుగున ఉండిపోక, దానితో సమానంగా పల్లవిని మోస్తుంది. జాల్ క్లెమిన్సన్ మూకాభినయ నటునివలె ముఖానికి తెల్లరంగు పూసుకుని, కనుబొమలూ పెదవులూ కదిలిస్తూ వాయించేవాడు కనుక జనం ముఖాన్ని గుర్తుపెట్టుకుని వేళ్ళను మరిచారు. గాయకుడు ఒక పదాన్ని నొక్కి పలికిన క్షణంలో దానికి జవాబుగా చిన్న తీగలాగుడు ఇచ్చి మళ్ళీ తగ్గిపోవడం అతని పద్ధతి, సాటినటుని సంభాషణకు ముఖకవళికతో స్పందించే మంచి సహనటుని పద్ధతి అది. హ్యూ మెకెన్నా కీబోర్డులే ఈ బృందాన్ని సాధారణ హార్డ్ రాక్ నుండి వేరు చేశాయి. తరువాతి ఆల్బమ్‌లలో అతడు సహరచయితగా కూడా ఎదిగాడు. టెడ్, హ్యూ ఇద్దరూ 2019లో, ఒకే సంవత్సరంలో కన్నుమూశారు.

క్లైడ్‌తీరం:

ఇంత ఉన్నా మరుగున ఎందుకు పడిపోయింది అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. 1975లో వారికి పెద్ద విజయం తెచ్చినది టామ్ జోన్స్ పాడిన ‘డిలైలా’కు వారు చేసిన ప్రత్యక్ష రూపం. అది బ్రిటన్‌లో ఏడవ స్థానానికి చేరింది. టెలివిజన్‌లో ఆ పాటను చూసి నవ్వుకున్న ప్రేక్షకులకు వీరు హాస్యబృందంగా గుర్తుండిపోయారు. 1976లో ‘బోస్టన్ టీ పార్టీ’ పదమూడవ స్థానం వరకు వెళ్ళింది. ఆ ఏడాదే వారి వ్యవహారాలు చూసే నిర్వాహకుడు విమానప్రమాదంలో మరణించాడు. 1977లో అలెక్స్ బృందాన్ని వదిలి వెళ్ళాడు. అప్పటికి పంక్ అనే మొరటైన కొత్త రాక్ సంగీతపు ఉధృతి వచ్చేసింది. వీధిపిల్లల గురించి, గోడరాతల గురించి నాలుగేళ్ళ ముందే పాడినవాణ్ణి ఆ కొత్త గాలి తన పెద్దన్నగా గుర్తించి ఉండవలసింది. 1982 ఫిబ్రవరి 4న, నలభై ఏడవ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, బెల్జియంలోని జేబ్రుగ్గా ఓడరేవులో ఓడ కోసం ఎదురుచూస్తూ గుండెపోటుతో మరణించాడు.

గుర్తించినవారు లేకపోలేదు. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ 1986 నాటి ఆల్బమ్‌లో, ఈ బృందపు మొదటి ఆల్బమ్ ‘ఫ్రేమ్డ్’లోని ‘ద హామర్ సాంగ్’ను తిరిగి పాడాడు. పాత్ర నోటితో నేరాన్ని, భక్తిని కలిపి పలికే కేవ్ పద్ధతికి హార్వీ దగ్గర ఒక వేరు ఉందని ఆ రెండు గొంతులనూ వెంటవెంటనే వింటే తెలుస్తుంది.

మంద్రస్థాయి:

కొత్తవారు ఏ క్రమంలో వినాలో ఎవరైనా చెప్పగలరా? నాలాగా ప్రత్యక్ష ప్రదర్శనతో మొదలుపెడితే స్టూడియో రికార్డుల మీద చిన్నచూపు ఏర్పడుతుందేమో.

తంత్రీనాదం:

నా క్రమం చెబుతాను. మొదట ‘నెక్స్ట్’, అది కూడా ఐదవ పాట నుండి చివరి వరకు ఒకే బిగిన. తరువాత 1974 నాటి ‘ది ఇంపాసిబుల్ డ్రీమ్’. అందులో వాంబో తిరిగి వస్తాడు, ‘హాట్ సిటీ సింఫనీ’ రెండు భాగాలుగా సాగుతుంది. ఆ ఆల్బమ్‌ను మొదట షెల్ టాల్మీ నిర్మాతగా రికార్డు చేసి, తృప్తి కలగక పక్కనపెట్టి మళ్ళీ చేశారు. పక్కనపెట్టిన రూపం 2009లో ‘హాట్ సిటీ’ పేరుతో వెలువడింది. రెండింటినీ పోల్చి వింటే, వేదిక మీద తోచినట్టు చెలరేగినట్టు కనిపించే ఈ బృందం రికార్డు విషయంలో ఎంత పట్టుదలగా ఉండేదో తెలుస్తుంది. మొత్తం ఆల్బమ్‌ను తిరిగి వాయించడానికి సిద్ధపడినవాళ్ళు, రికార్డును ప్రదర్శనకు ప్రకటనగా భావించి ఉండరు. అవి అయ్యాక హామర్‌స్మిత్ ప్రదర్శన వినండి. అప్పుడు ‘ద ఫెయిత్ హీలర్’ మొదలవుతూనే ప్రేక్షకులు ఎందుకు అట్లా కేకలు వేశారో మీకు ముందే తెలిసి ఉంటుంది.

తెరచాటు:

నేను మాత్రం బ్రెల్ మూలాన్ని ముందు వినమంటాను. భాష రాకపోయినా ఫరవాలేదు. ఆయన శ్వాస ఎక్కడ తెగుతుందో గుర్తుపెట్టుకుని హార్వీ దగ్గరికి వస్తే, ఇతడు అక్కడ తెగనివ్వకుండా పట్టుకుని, ఇంకో రెండు పదాలు దాటాక వదిలిన చోటు వినిపిస్తుంది.